చూడకుండా తుడవండి

“ఇందులో డిలీట్ చేసినవి మళ్ళీ ఎవరికీ దొరక్కుండా చెయ్యాలండీ,” అన్నాడు పెద్దాయన, హార్డ్ డిస్కు బల్ల మీద పెడుతూ.

కంప్యూటర్ షాపు యజమానికి ఇలాంటి బేరమంటే మహా సరదా. పాఠం చెప్పే వీలు దొరుకుతుంది.

“డిలీట్ అంటే పోయినట్టు కాదు సార్. ఇంటికున్న నంబరు పలక పీకేశామంతే. సామానంతా లోపలే ఉంటుంది. దారి తెలిసినవాడు దర్జాగా వెళ్ళి కూర్చుంటాడు.”

“తెలిసిందండీ. నా ఫైలేదో పోయిందని వెతికితే...” పెద్దాయన ఆగిపోయాడు. “అందుకే వచ్చాను.”

“వాటి మీద మొత్తం సున్నాలు రాసేస్తాం. ఇక బ్రహ్మదేవుడు దిగొచ్చినా దొరకవు. కానీ మన దగ్గరో పద్ధతుంది. ముందు ఏమున్నాయో పైకి తీసి చూపిస్తా. మీరు సరేనంటేనే తుడుస్తా.”

ఆ పద్ధతికి కారణముంది. ఒకావిడ డిస్కు అడగ్గానే తుడిచేస్తే, బిడ్డ మొదటి అడుగుల వీడియో అందులోనే ఉందని షాపులో కూర్చుని ఏడ్చింది. అప్పట్నుంచి చూపించకుండా తుడవనని ఒట్టు పెట్టుకున్నాడు.

“చూపించక్కర్లేదండీ. చూడకుండా తుడవండి.”

“కుదరదు. కాస్త ఆగండి, కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాను. మా అమ్మాయి తెస్తోంది. అది లేకపోతే నాకు తెర మీద అన్నీ చీమలబారే.”

డిస్కు కంప్యూటర్‌కి తగిలించి వెతకడం మొదలుపెట్టాడు.

పెద్దాయన బల్లకి దగ్గరగా జరిగాడు. “ఒక మాట చెప్పాలండీ. ఇందులోవి నావి కావు. అసలు ఈ...”

“నాన్నా, ఇదిగో కళ్ళజోడు. తల కూడా ఇంట్లోనే మర్చిపోయుంటే అదీ తెచ్చేదాన్ని,” అంటూ కూతురు లోపలికొచ్చింది.

పెద్దాయన ఆమె ముఖం చూశాడు. వెంటనే తల దించుకున్నాడు.

“ఏదో చెప్తున్నారు?” అన్నాడు యజమాని, అద్దాలు తుడుచుకుంటూ.

“ఏం లేదండీ. అన్నీ నావే.”

“ఇప్పుడే కావన్నారు?”

“నావే.”

తెర మీద చిన్న చిన్న బొమ్మలు తేలడం మొదలైంది. యజమాని కళ్ళజోడు పెట్టుకుని ముందుకు వంగేలోగా, పెద్దాయన చేతిసంచీని తెరకి అడ్డం పెట్టేశాడు.

“ఏంటండీ ఇది? తియ్యండి!”

“చూడకుండా తుడవండి. మీకు దణ్ణం పెడతాను.”

యజమానికి ఒళ్ళు మండింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది ఈయన వరస.

“ఈ వయసులో ఇవేం పనులండీ? ఎవరి ఆడపిల్లల బొమ్మలు దాచుకున్నారు ఇందులో? పోలీసుల్ని పిలవనా?”

పక్క జెరాక్స్ షాపువాళ్ళు గుమ్మం దగ్గరికొచ్చారు. పెద్దాయన చెవులు ఎర్రబడ్డాయి. సంచీ మాత్రం కదల్లేదు.

“పిలవండి. ముందు తుడిచేసి పిలవండి.”

“సాక్ష్యం మాయం చేసి పిలవాలా? భలే తెలివి!”

“పోనీ నాన్నా,” అంది కూతురు. “ఆయన వద్దంటుంటే మనకెందుకు? ఎవరి బాధలు వాళ్ళవి.”

కూతురి మాట తీసెయ్యడం యజమానికి చేతకాదు. గొణుక్కుంటూనే, సంచీ అంచు కింద కనిపిస్తున్న బొత్తాం నొక్కాడు.

పని పూర్తయ్యేదాకా పెద్దాయన సంచీని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ నిలబడే ఉన్నాడు. కూర్చోమని యజమాని అనలేదు.

డిస్కు చేతిలో పడ్డాక, “మీ మేలు మర్చిపోనండీ,” అన్నాడు.

“మా గుమ్మం మర్చిపోండి, చాలు.”

పెద్దాయన కూతురి వైపు చూడకుండానే మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

“ఒక్క మాటకీ ఎదురు చెప్పలేదు, గమనించావా? తప్పు చేసినవాడి లక్షణం,” అన్నాడు యజమాని.

కూతురు నవ్వలేదు. “డిలీట్ చేసినవి నిజంగా మళ్ళీ దొరుకుతాయా నాన్నా?”

“నిక్షేపంగా.”

“మరి నా పాత కంప్యూటర్?”

“మావయ్య గోడౌన్‌కి పంపేశాగా. అమ్ముడైపోయింది.”

“దాన్నీ ఇలాగే తుడిచావా?”

యజమాని బుర్ర గోక్కున్నాడు. ఊరందరి డిస్కులూ తుడిచేవాడు ఇంట్లోదాన్ని మాత్రం పట్టించుకోలేదు. “నీ దాంట్లో ఏముంటాయే, పాటలూ పాఠాలూ! డిలీట్ కొట్టి పంపేశా.”

ఆమె ముఖంలో నెత్తురుచుక్క లేదు.

“నావి కొన్ని ఉండేవి నాన్నా. ఒకణ్ణి నమ్మిన రోజుల్లోవి. నువ్వు కూడా చూడకూడనివి. డిలీట్ చేశాను కదా, పోయాయనుకున్నాను.”

కూతురు తనకి చెప్పకుండా దాచుకున్న బాధ ఒకటుందని ఆ తండ్రికి అప్పుడే తెలిసింది. ఆమె తల నిమిరి, బావమరిదికి ఫోన్ చేశాడు. కూతురి ఊసు రానివ్వలేదు.

“ఒరేయ్, పోయిన నెల నేను పంపిన నల్ల కంప్యూటర్ ఎవరికి అమ్మావురా? అది వెంటనే వెనక్కి రావాలి. ఎలాంటివాడి చేతిలో పడిందో ఏమో!”

“కంగారెందుకు బావా? బంగారంలాంటి మనిషి కొన్నాడు,” అన్నాడు బావమరిది. “అందులో ఎవరో పిల్ల ఫొటోలు మిగిలిపోయాయట. ఒకటి కనపడగానే మూసేశాడట. పరాయి ఆడపిల్ల పరువు, తన కళ్ళ ముందే తుడిపించేదాకా నిద్ర పట్టదంటూ పొద్దున్నే వస్తే నీ షాపుకే పంపాను, మర్యాదగానే చూశావు కదా?”