సగం నీళ్ళు

అరచేతంత చేప ఒకటి గాజుకు మూతి ఆనించి అతణ్ణే చూస్తోంది.

అది తోడల్లుడి చేప. అందుకే అతనికి కడుపు మండిపోయింది.

నాలుగు నెలల కిందట డిస్కస్ అనే రంగు చేపల జంట ఒకదాని పిల్లలను ఇద్దరూ చెరి పది పంచుకున్నారు. అప్పుడన్నీ గోరంత ఉండేవి. అతని ఇంట్లోవి కోటు బొత్తామంత అయి ఆగిపోయాయి. ఒళ్ళు ఎదగలేదు, కళ్ళు మాత్రం ఇంతింత అయ్యాయి.

అలాగని అతనేం తక్కువ చేయలేదు. రంగు దీపాలు పెట్టాడు. అడుగున తెల్ల గులకరాళ్ళు పరిచాడు. ముక్కూ మొహం తెలియని వాళ్ళందరినీ ఫోన్లో సలహా అడిగాడు.

ఇక్కడేమో బోడి తొట్టి. పక్కన నీళ్ళ డ్రమ్ము, బకెట్టు, రబ్బరు గొట్టం.

"ఏం మందు వేస్తున్నావు తమ్ముడూ?" నవ్వు తెచ్చిపెట్టుకుని అడిగాడు.

"మందా! రోజూ సగం నీళ్ళు తీసేస్తా. డ్రమ్ములో ఒకరోజు నిలవబెట్టినవి పోస్తా. అంతే అన్నయ్యా."

దాస్తున్నాడు వెధవ, అనుకున్నాడు అతను.

"నీళ్ళు తేటగా కనిపించినా నమ్మకూడదంట. పిల్లలప్పుడు గిడసబారితే తర్వాత ఏం చేసినా ఎదగవంట."

"ఇవన్నీ నీకెవరు చెప్పారు?"

"వదినే. ఆదివారం వచ్చినప్పుడల్లా నీళ్ళు పరీక్ష చేసి రాసి వెళ్తుంది కదా." తోడల్లుడు గోడకేసి చూపించాడు. "మీకు చెప్పలేదా?"

గోడ మీద అంటించిన కాగితంలో పదహారు వరుసలు. తారీఖు, వేడి, అమ్మోనియా. అతను రోజూ సరుకుల చీటీలో చూసే గుండ్రటి అక్షరాలే.

ఆదివారాలు ఆమె చెల్లెల్ని చూడ్డానికి వెళ్తోందనే అనుకున్నాడు.

అతని భార్య మంచినీళ్ళ కేంద్రంలో నీటి పరీక్షలు చేస్తుంది. పదిహేనేళ్ళుగా ఆమెకు అదే ఉద్యోగం.

చెప్పకపోవడమేం, చెప్పబోయింది. చేపలు ఇంటికొచ్చిన మొదటి వారమే పరీక్ష సీసాలు పట్టుకుని తొట్టి దగ్గర నిలబడింది.

"ఆఫీసు పని ఇంటికి తేకు" అని పెద్ద జోకు వేసినట్టు నవ్వాడు అతను.

ఆమె సీసాలు సంచిలో పెట్టేసుకుంది. మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఇప్పుడతని కుళ్ళు చేపల మీద కాదు. పదహారు ఆదివారాలు ఆమె ఇక్కడ కూర్చుని చెప్పింది, వీడు విన్నాడు. అది తట్టుకోలేకపోయాడు.

దారిలో ఒక డ్రమ్ము కొనుక్కుని ఇంటికి వెళ్ళాడు.

దాన్ని కడిగి, కుళాయి కింద పెట్టి నింపుతుంటే ఆమె వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఎక్కడికెళ్ళి వచ్చాడో అడగలేదు.

"రేపటి నుంచి రోజూ సగం మారుస్తా" అన్నాడు, ఆమె వైపు చూడకుండా.

"మార్చండి."

"నువ్వూ ఒకసారి పరీక్ష చేసి చూడు."

ఆమె తొట్టి ముందు వంగి, గులకరాళ్ళ మీద తిరుగుతున్న ఆ చిన్న చేపలను చాలాసేపు చూసింది.

"ఎదుగుతాయా?" అన్నాడు.

"బతుకుతాయి" అంది ఆమె.