సముద్రం ఒడ్డున మసాయి

“నిజంగా సింహాన్ని చంపావా?”

పొద్దున్నుంచి ఆ పిల్ల అడగడం ఇది ఎన్నోసారో! హోటల్ గేటు దగ్గర బల్లెం పట్టుకుని నిలబడ్డ లెమయాన్ గంభీరంగా ముఖం పెట్టాడు.

“ఆ సంగతి సింహాన్నే అడగాలి తల్లీ.”

“చచ్చిపోయిందిగా, ఎలా చెప్తుంది?”

“అందుకే నేనూ చెప్పను.”

న్యాంబురా పకపకా నవ్వింది. నైరోబీ నుంచి తల్లితో వచ్చింది. సెరెంగెటీ అడవిలో సింహాలూ ఏనుగులూ చూసి, దుమ్ము కడుక్కోవడానికి నేరుగా జాంజిబార్ దీవిలో దిగారు. ఈ హోటల్‌కి వచ్చేవాళ్ళంతా ఆ దారినే వస్తారు. గేటు దగ్గర ఎర్ర దుప్పటి, మెడనిండా పూసలు, భుజాల దాకా జడలు వేసుకున్న సింహాలని వేటాడే మసాయి తెగవాడు కనిపిస్తే అడవి తమ వెంటే వచ్చినట్టు మురిసిపోతారు. యజమానురాలు బీ సల్హా అతన్ని పెట్టుకున్నదే అందుకు.

“మసాయివాళ్ళకి నీళ్ళంటే భయమటగా? మా అమ్మ చెప్పింది.”

“అమ్మ చెప్తే నిజమే అయ్యుంటుంది.”

“ఆయన్ని విసిగించకే!” తాటాకు నీడలో కుర్చీలో వాలిన తల్లి ముగురే కళ్ళు తెరవకుండానే అరిచింది.

వంటమనిషి మ్వనైషా కూరగిన్నె పట్టుకుని అటుగా వచ్చింది. కొబ్బరిపాల ఆక్టోపస్ కూర. ఆ వాసన తగలగానే లెమయాన్ ముఖం తిప్పుకున్నాడు.

“నీకు పాలూ చిక్కుడుగింజలూ తీసిపెట్టాన్లే. పశువులు కాసుకుంటూ చేప ముట్టని జన్మలు మీవి, ఏం చేస్తాం!” అంది మ్వనైషా.

అతను వంటింటివాళ్ళకి మంచి కాలక్షేపం. పెంబా దీవి నుంచి చేపల పడవలు వచ్చిన రోజున గేటు వదిలేసి పెరట్లో దాక్కుంటాడు. సింహాన్ని చంపినవాడికి పడవంటే హడలని నవ్వుకుంటారు. అతనూ నవ్వేసి ఊరుకుంటాడు. ఈ ఉద్యోగంతోనే ఇంట్లో అమ్మా చెల్లెళ్ళూ అన్నం తింటున్నారు. బీ సల్హా మంచిదే, కానీ అబద్ధాన్ని మాత్రం సహించదు. పోయినేడు జ్వరమని చెప్పి పెళ్ళికి వెళ్ళిన తోటమాలిని అక్కడికక్కడే పనిలోంచి పంపించేసింది.

శుక్రవారం. మసీదు నుంచి పిలుపు వినిపించింది. పడవలు ఇసుక మీదకి లాగి మగవాళ్ళంతా వెళ్ళిపోయారు. వాళ్ళు కనుమరుగయ్యేదాకా లెమయాన్, ప్రతి శుక్రవారంలాగే, తల వంచుకుని నిలబడ్డాడు.

తల ఎత్తేసరికి పిల్ల లేదు.

ఆటుకి సముద్రం చాలా దూరం వెనక్కి పోయి ఉంది. నక్షత్రచేపల కోసం బకెట్టు పట్టుకుని న్యాంబురా దూరంగా ఉన్న ఇసుకతిప్ప మీదకి చేరింది. నాచు ఏరుకునే ఆడవాళ్ళు బట్టలు ఎగదోపుకుని గబగబా ఒడ్డుకి వచ్చేస్తున్నారు. పోటు మొదలైంది; తిప్పకీ ఒడ్డుకీ మధ్య ఉన్న పాయ నిండుతూ రంగు మారింది.

లెమయాన్ చేతులు ఊపుతూ అరిచాడు. “వెనక్కి వచ్చెయ్! న్యాంబురా!”

గాలికి ఆ కేక ఎటో పోయింది. పిల్ల నవ్వుతూ చెయ్యి ఊపింది.

కేకలకి బీ సల్హా పరిగెత్తుకొచ్చింది. “పడవ తియ్యండి ఎవరైనా!”

“మగాళ్ళంతా మసీదులో ఉన్నారమ్మా!” అంది మ్వనైషా.

“అయితే పిలుచుకురండి!” నాచు ఏరేవాళ్ళలో ఒకామె అటు పరిగెత్తింది. వాళ్ళు వచ్చేదాకా నీళ్ళు ఆగవని లెమయాన్‌కి అర్థమైపోయింది.

ముగురే నిద్ర కళ్ళతో లేచింది. చూసింది. లెమయాన్ దుప్పటి పట్టుకుని గుంజింది. “నువ్వెళ్ళు! నీ కాళ్ళు పట్టుకుంటా, వెళ్ళు నాయనా!”

“అతను మసాయమ్మా, ఈత రాదు. దిగితే అతనూ పోతాడు,” అంది బీ సల్హా.

లెమయాన్ నీళ్ళకేసి చూశాడు. దిగితే తన పని అయిపోయినట్టే. అమ్మ కళ్ళముందు మెదిలింది. తను కాక ఇంకెవరైనా వస్తే బాగుండునని ఒక్క క్షణం కోరుకున్నాడు. ఆ కోరికకి తనమీద తనకే అసహ్యం వేసింది.

“అమ్మా!” పిల్ల నడుము దాకా నీళ్ళు వచ్చాయి. బకెట్టు కొట్టుకుపోయింది.

లెమయాన్ బల్లెం పారేసి పరిగెత్తాడు. నీళ్ళవైపు కాదు. ఒడ్డు వెంబడి, ఉత్తరం దిక్కుగా.

“పారిపోతున్నాడు! పిరికి సన్నాసి!” మ్వనైషా శాపనార్థాలు పెట్టింది.

పెద్ద బండ దగ్గర ఆగాడు. పూసలు తెంపేశాడు. దుప్పటి విసిరేసి దూకాడు. ప్రవాహం అతన్ని ఏటవాలుగా, సరిగ్గా తిప్ప మీదకే తీసుకుపోయింది. అప్పటికి పిల్ల కాళ్ళు నేల మీద లేవు. జుట్టు అందింది. లాగాడు.

“నా మెడ పట్టుకో. ఏడవకు తల్లీ, నీళ్ళు మింగుతావు.”

నీళ్ళతో పోట్లాడకుండా వాటి వాలునే వచ్చి, దక్షిణాన చాలా దూరంలో ఒడ్డెక్కాడు. ముగురే పిల్లని గుండెకి అదుముకుని బావురుమంది.

మసీదు నుంచి పరిగెత్తుకొచ్చిన జాలర్లు టోపీలతోనే నిలబడిపోయారు. బీ సల్హా అతన్నే చూస్తోంది. జడలకి పూసిన ఎర్రమట్టి కరిగి చెంపల మీదుగా కారుతోంది. పిల్ల దక్కినా అతను మాత్రం ఆమె వైపు చూడలేకపోయాడు.

“తాగు బాబూ,” మ్వనైషా ఏడుస్తూ పాలగ్లాసు అందించింది.

అతను దాన్ని మెల్లగా పక్కన పెట్టాడు. “పాలొద్దక్కా. ఆ ఆక్టోపస్ కూర కొంచెం పెట్టు.”

“మసాయికి ఇలాంటి ఈత ఎక్కడిది?” బీ సల్హా నెమ్మదిగా అడిగింది.

అతను తల వంచుకున్నాడు.

“నా పేరు ఫాకీ అమ్మగారూ, మా నాన్న పెంబాలో జాలరి.”