ఇంకాస్త పెంచు

“ఇంకాస్త పెంచు తల్లీ,” అన్నాడు కుంచోరో, టీవీకి తగిలించే వీడియో ఆట పెట్టెను కూతురి వైపు తోస్తూ. “ముసలిదైపోయింది ఇది. నేను మీట నొక్కాక తీరిగ్గా ఒళ్ళు విరుచుకుని లేస్తోంది.”

“పోయిన నెలేగా నాన్నా పెంచాను!”

“చాల్లేదు. నా చేతికి దీటుగా పరుగెత్తాలా వద్దా?”

వెనింగ్ ఆ చేతి వంక చూడకుండా జాగ్రత్తపడింది. ఒళ్ళో పెట్టుకున్నా అది వణుకుతూనే ఉంది.

సురబయా నగరంలో ఇళ్ళ ముందు గదుల్లో గంటకింతని డబ్బు తీసుకుని ఆటలాడించిన రోజుల్లో, పెట్టె వేగం పెంచాలంటే అందరూ కుంచోరో దగ్గరికే వచ్చేవారు. ఆ పాత పెట్టెలో బొమ్మలు గీసే చిప్ ఒకటి ఉంటుంది. బొమ్మ పూర్తయితే గాని ఆట అడుగు కదలదు. ఆ చిప్ ఎంత వేగంగా నడవాలో లయ కట్టేది పక్కనుండే వేలిగోరంత క్రిస్టల్. దాని మీద అంకె ఎంత పెద్దదైతే ఆట అంత జోరు, పెట్టె అంత వేడి. మూత మీద అరచెయ్యి ఆనించి, ఎంత పెంచారో ఇట్టే చెప్పేసేవాడు కుంచోరో. అబ్బో, ఆ రోజులే వేరు!

రెండేళ్ళ కిందట చెయ్యి వణకడం మొదలైంది. ఎవరిదో పెట్టె బాగుచేస్తూ లోపలి బోర్డు కాల్చేశాక సోల్డరింగ్ ఐరన్ పక్కన పడేశాడు. ఇక మిగిలింది సాయంత్రం పూట తన సొంత పెట్టెలో విమానాల ఆట ఒక్కటే. ఒకరోజు అందులో మూడో లెవెల్ కూడా దాటలేకపోయాడు. మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకున్నాడు. మూడు రోజులు అన్నం ముట్టలేదు, మాట్లాడలేదు. అమ్మ లేని ఆ ఇంట్లో వెనింగ్‌కి కాళ్ళూ చేతులూ ఆడలేదు.

నాలుగో రోజు ఆయనే లేచొచ్చాడు. “తప్పు నా చేతిది కాదే, పెట్టెది. వేగం పెంచు,” అన్నాడు.

పెంచితే మొదటి లెవెలే దాటలేడని వెనింగ్‌కి తెలుసు. పని నేర్పింది ఆయనే మరి. ఏం చేస్తుంది? పెద్ద అంకె క్రిస్టల్ ఊడదీసి చిన్న అంకెది అతికించింది. ఇప్పుడిది మూడోసారి. మూడుసార్లూ తగ్గిస్తూనే వచ్చింది.

ఆ సాయంత్రం కుంచోరో కంట్రోలర్ పట్టుకుని చిన్నపిల్లాడిలా కేకలు పెట్టాడు.

“చూశావా! ఇదీ పరుగంటే! ఇప్పుడు చెప్పిన మాట వింటోంది!” అంటూ ఆట మధ్యలో మూత మీద చెయ్యి వేశాడు. “చల్లగా ఉందే!”

వెనింగ్ చటుక్కున అందుకుంది. “ఫ్యాన్ బిగించాగా నాన్నా. వేడంతా అదే లాగేస్తుంది.”

“శభాష్. నా కూతురివనిపించుకున్నావు.”

ఆరో లెవెల్ సగంలో ఉండగానే మసీదు నుంచి పొద్దుగూకే వేళ మగ్రిబ్ అజాన్ వినిపించింది. ఒకప్పుడు అజాన్‌కి ముందే ఆటంతా ముగించి, కాఫీ కూడా తాగేసేవాడు.

“ఈ మధ్య మసీదాయన మరీ తొందరపడుతున్నాడు,” అంటూ ఆట ఆపి, కాళ్ళు కడుక్కోవడానికి లేచాడు.

తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే! కన్నతండ్రినే, అందులోనూ పని నేర్పిన గురువునే మోసం చేస్తున్నానని వెనింగ్‌కి ముద్ద దిగేది కాదు. ఆయన మెచ్చుకున్న కొద్దీ సిగ్గుతో చచ్చిపోయేది.

పులి మీద పుట్రలా ఆగస్టు పదిహేడు దగ్గరపడింది. వాళ్ళ దేశ స్వాతంత్ర్య దినమైన ఆ రోజున వీధిలో ఏటా గోనెసంచి పరుగులూ, వేలాడదీసిన అప్పడాలు చేతులు తగలకుండా తినే పందేలూ మామూలే. ఈసారి ముసలాళ్ళకి విమానాల ఆట పోటీ కూడా పెట్టారు. ఆడేది కుంచోరో పెట్టె మీదే. ఆయన అందరికంటే ముందు పేరిచ్చి కూర్చున్నాడు.

పోటీకి రెండు రోజుల ముందు తోహిర్ వచ్చాడు. కుంచోరోకి పాతికేళ్ళుగా స్నేహితుడు. ఒకప్పుడు నాలుగు పెట్టెలు పెట్టి వీధి పిల్లలందరినీ ఆడించినవాడు. దారిలో మసీదులోనే నమాజ్ కానిచ్చుకుని వచ్చాడు. కుంచోరో అప్పుడే నమాజ్‌కి లోపలి గదిలోకి వెళ్ళాడు.

“మీ నాన్న వచ్చేలోపు ఓ చెయ్యి చూస్తానమ్మా,” అంటూ తోహిర్ కంట్రోలర్ అందుకున్నాడు.

“వద్దు బాబాయ్, ముందు కాఫీ తాగండి. వేడి వేడిగా సోయా తెంపే ముక్కలు వేయించాను.”

“చేతులు దానికి, నోరు దీనికి,” అని నవ్వి, ఓ తెంపే ముక్క నోట్లో వేసుకుని మొదలుపెట్టాడు.

తెర మీద విమానం నీళ్ళలో నడిచినట్టు కదిలింది. తోహిర్ వేళ్ళు ఆగాయి. మళ్ళీ నొక్కాడు. తర్వాత కంట్రోలర్ మెల్లగా చాప మీద పెట్టేశాడు.

వెనింగ్ ఆయన ఎదురుగా కూలబడింది.

“తగ్గించింది నేనే బాబాయ్. ఆయన పెంచమన్నప్పుడల్లా తగ్గించాను. పోటీ ఏదో వంక పెట్టి ఆపించండి, మీకు పుణ్యముంటుంది. పదిమందీ ఆడారంటే పసిగట్టేస్తారు.”

“ఎందుకాపడం? ఆడేవాళ్ళందరం ముసలాళ్ళమే. మాకూ ఈ నడకే హాయి.”

“ఎవరైనా నోరు జారితే? నాన్నకి తెలిస్తే మళ్ళీ గోడవైపు తిరిగి పడుకుంటాడు. ఈసారి లేవడు బాబాయ్!” వెనింగ్ తలముసుగు కొసతో నోరు నొక్కుకుని ఏడ్చింది. “మీరైనా చెప్పనని మాటివ్వండి.”

తోహిర్ లోపలి గది వైపు చూశాడు. తలుపు వేసే ఉంది. కాఫీ చల్లారిపోయింది.

“నీకు తెలియనివ్వనని ఒట్టేశానమ్మా,” అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. “ఆ ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను.”

వెనింగ్ కళ్ళు తుడుచుకుని తలెత్తింది.

“నువ్వు తగ్గిస్తున్న సంగతి నాకు చెప్పిందే మీ నాన్న.”