చంటిదాని పాస్‌పోర్ట్

"ఇంకో పది నిమిషాల్లో కౌంటర్ మూసేస్తామండీ," అంది విమానాశ్రయం ఉద్యోగిని.

మూడు పాస్‌పోర్టులు బల్ల మీదున్నాయి. చంటిదానిది లేదు. తల్లి పెట్టెలన్నీ నేలమీద బోర్లించింది. రెండేళ్లుగా కూడబెట్టిన సెలవులన్నీ ఈ రెండు నెలల ప్రయాణం కోసమే.

"పసిపిల్లలతో దేశంకాని దేశం వద్దని చెవినిల్లు కట్టుకుని పోరాను," అన్నాడు భర్త. "వీడే ఎక్కడో పారేసుంటాడు. ఇంటికి పోదాం పద."

"నేను తియ్యలేదమ్మా." ఐదేళ్ల కొడుకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

పాస్‌పోర్టులు దాచింది డైపర్ల సంచిలో. ఆ సంచికి వాడు ఆమడ దూరం. ఆమె చంటిదాన్ని చంకనేసుకుంది. చెయ్యి తడిసింది. భర్త వైపు తిరిగింది.

"ఇందాక ఈ సంచి పట్టుకెళ్లి దీని డైపర్ మార్చుకొచ్చావు కదూ?"

"సాయం చెయ్యడం కూడా తప్పేనా?"

"పుట్టి ఏడాదైంది, ఇదే మొదటిసారి. అదీ మార్చలేదు."

అతని చెయ్యి కోటు జేబు మీదికి పోయింది. ఆమె ఆ చెయ్యి పక్కకు తోసి, జేబులోంచి పాస్‌పోర్ట్ లాగి బల్లమీద పెట్టింది.

"మేం ముగ్గురం వెళ్తున్నాం. నీ ఇష్టం."

తర్వాత కొడుకు కళ్లు తుడిచింది.

"నువ్వు కాదురా కన్నా. దొంగ మీ నాన్న."