చెక్కగోడ అవతల

కొత్త గ్యాస్ పొయ్యి వెలిగించి టీ నీళ్ళు పెట్టారో లేదో, పక్కవాటా మనిషి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

చేతిలో పాత ఇనప రేకు ఒకటుంది.

"పొయ్యి చెక్కగోడకి మరీ దగ్గరగా ఉందమ్మా. కొంచెం ఇవతలికి లాక్కోండి. కుదరకపోతే ఈ రేకు అడ్డం పెట్టుకోండి," అన్నాడు.

అత్తగారు అతన్ని ఎగాదిగా చూసింది.

వంటింట్లో పొయ్యి ఎక్కడ పెట్టారో, గడప దాటకుండానే ఈ మనిషికి ఎలా తెలిసింది?

అనుమానం అప్పుడే ముల్లులా దిగింది.

ఆ ఇల్లు ఒకప్పుడు ఒకటే ఇల్లు. మధ్యలో పలకలు కొట్టి రెండు వాటాలు చేశారు. ఈ వాటాలో ఆవిడ, కొడుకు, కోడలు, ఇంకా నడక రాని మనవరాలు. అవతలి ఒంటిగదిలో ఆ మనిషి ఒక్కడే. పెళ్ళాం లేదు, పిల్లల్లేరు. ఏం చేస్తాడో తెలియదు.

అలాంటివాడికి పక్కవాళ్ళ వంటింటితో పనేమిటి?

కూరలో ఉప్పు తక్కువైనా దాని వెనక ఎవరిదో చెయ్యి ఉందనుకునే మనిషి ఆవిడ.

పొయ్యి ఇటు లాగితే గుమ్మానికి అడ్డం వస్తుంది. అందుకని కొడుకు మొహమాటానికి ఆ రేకు తీసుకుని, పలకలకి ఆనించి నాలుగు మేకులు కొట్టేశాడు.

మేకుల చప్పుడు ఆగగానే ఆ మనిషి మళ్ళీ వచ్చాడు.

"అలా అంటించి కొడితే లాభం లేదమ్మా. వేడంతా చెక్కకే పోతుంది. రేకుకీ గోడకీ మధ్య వేలు దూరేంత ఖాళీ ఉండాలి."

"మా గోడలో మీ వేళ్ళెందుకు దూరాలి?" అంది అత్తగారు.

అతను తలొంచుకుని వెళ్ళిపోయాడు.

తప్పు లేనివాడు తలెందుకు దించుకుంటాడని ఆవిడ కోడలిని అడిగింది.

ఆనాటి నుంచి ఆవిడ చెవి గోడకే అతుక్కుపోయింది. కోడలు పొయ్యి వెలిగించగానే అవతల అలికిడి మొదలయ్యేది. ఏదో జరిపిన చప్పుడు, నీళ్ళు కారిన చప్పుడు. పొయ్యి ఆర్పేసిన కాసేపటికి అవతలా సద్దు మణిగేది.

ఒకనాడు పలకల కిందనుంచి తడి ఇవతలికి పాకి, బియ్యం బస్తా అడుగు నానిపోయింది.

ఆవిడ పలకల సందుకి కన్ను ఆనించి చూసింది. ఆ మనిషి చెంబుతో గోడ మీద నీళ్ళు కొడుతున్నాడు.

"చూశావా అమ్మాయ్? పలకలు కుళ్ళబెట్టి మనల్ని సాగనంపుదామని ఎత్తు. ఇల్లంతా తనే కాజేద్దామని."

కోడలికి మనసొప్పలేదు. పోనీ ఓసారి పొయ్యి జరిపి చూద్దామంది. ఇవాళ పొయ్యి జరిపితే రేపు మనల్నే జరగమంటాడని అత్తగారు కొట్టిపారేసింది.

అద్దె వసూలు చేసే గుమాస్తా వచ్చినప్పుడు ఆవిడ పంచాయితీ పెట్టింది. ఇంటాయనతోనే ముఖాముఖి తేల్చుకుంటానంది.

ఇంటాయన ఎవరి ముందుకీ రాడని గుమాస్తా చెప్పాడు. ఇంటి యజమాని ఎదురుగా ఉంటే, అద్దెకున్నవాళ్ళు గట్టిగా దగ్గడానికి కూడా జంకుతారని ఆయన బాధట.

"అయితే నా మాటగా చెప్పు నాయనా. ఈ ఇంట్లో ఆ మనిషన్నా ఉండాలి, మేమన్నా ఉండాలి."

గుమాస్తా ఆవిడ మొహంలోకి అదోలా చూశాడు.

"సరే పెద్దమ్మా. చెబుతాను."

ఆ సాయంత్రమే పక్కవాటా ఖాళీ అయింది. ఆ మనిషి చంకలో పరుపుచుట్ట, చేతిలో పెట్టెతో వెళ్తూ వెళ్తూ గుమ్మం ముందు ఆగాడు.

"రేపటిదాకా ఆ పొయ్యి వెలిగించకండమ్మా. పసిపిల్ల ఉన్న ఇల్లు."

అత్తగారు మొహం మీదే తలుపేసింది. పోతూపోతూ శాపనార్థాలేమిటని రుసరుసలాడింది. కోడలు మాత్రం ఎందుకైనా మంచిదని ఆ పూట పొయ్యి జోలికి పోలేదు.

తెల్లారేసరికి గుమాస్తా మేస్త్రీని, ఇటుకల బండిని వెంటబెట్టుకుని వచ్చాడు. చెక్కగోడ తీసేసి, ఒంటిగది కూడా వంటింట్లో కలిపి, పొయ్యి వెనక ఇటుకగోడ కట్టమని ఇంటాయన ఆజ్ఞట. ఆ గది ఖాళీ అయితేగానీ ఇది కుదరదట.

అత్తగారి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. అడగందే అమ్మైనా పెట్టదని కోడలికి పాఠం చెప్పింది.

ఇంతలో మేస్త్రీ మేకులు పీకి రేకు ఊడదీశాడు.

రేకు వెనక చెక్క నల్లగా బొగ్గైపోయి ఉంది. వేలు పెడితే పొడిగా రాలింది.

మేస్త్రీ పలక తిరగేశాడు. అవతలివైపు గోనెపట్టా బిగించి ఉంది. ఇంకా తడిగానే ఉంది.

"ఎవరో పుణ్యాత్ముడు రోజూ తడుపుతూ వచ్చాడు. లేకపోతే ఈపాటికి కొంప అంటుకునేది," అన్నాడు మేస్త్రీ.

కోడలు పాపని గుండెకి అదుముకుంది.

అత్తగారు ఉన్నచోటనే చతికిలబడింది.

"ఆయన ఎక్కడికెళ్ళాడు నాయనా?"

"నాక్కూడా చెప్పలేదు పెద్దమ్మా."

"ఎలాగైనా వెతికించు. ఇంటాయన కాళ్ళు నేను పట్టుకుంటాను. ఆ గది ఆయనకే ఇచ్చేయమని చెప్పు. మేం ఇరుకులోనే సర్దుకుంటాం."

గుమాస్తా పలక మీది తడి గోనెపట్టాను మెల్లగా విప్పి మడతపెట్టాడు.

"ఎవరితో చెప్పను పెద్దమ్మా? మీరు పంపించేసింది ఇంటాయన్నే."