అవతలి గట్టు పులి

తెల్లవారుతుండగానే వెళ్ళి, ముంగి ఆడపులి అడుగులు వేసి వచ్చాడు.

వాగు పక్కన తడి ఇసుకలో పదహారు అడుగులు. ముందు కాలు పడిన చోటే వెనక కాలు పడాలి. పాత టైరు రబ్బరు చెక్కి చేసిన పంజాలు అతని దగ్గర ఉన్నాయి. మోకాళ్ళ మీద వెనక్కి జరుగుతూ, తన గుర్తులు ఆకులతో తుడిచేస్తూ, ఒక్కో అడుగూ అద్దుతాడు. మూడేళ్ళుగా చేస్తున్నాడు కాబట్టి చేయి తిరిగింది.

నోట్లోంచి మాట ఊడిపడదని ఆఫీసులో అతనికి ముంగి అని పేరు పెట్టారు. అభయారణ్యంలో నదికి ఇవతలి గట్టుకి అతను కాపలాదారు. అవతలి గట్టుకి ఇంకొకాయన. వయసులో పెద్దవాడు, అందరికీ పెద్దన్న. ఎవరి గట్టు వాళ్ళది. రెండోవాళ్ళ హద్దులో కాలు పెట్టడానికి రూలు ఒప్పుకోదు.

ఆ అడవికి మిగిలినవి రెండే పులులు. ఇవతల ఆడది, అవతల మగది.

ఆడది మూడేళ్ళ క్రితమే చచ్చిపోయింది. ముసలిదై, పొదలో పడుకుని మళ్ళీ లేవలేదు. ముంగి ఒక్కడే మధ్యాహ్నమంతా గొయ్యి తవ్వి పూడ్చాడు. ఏడుపు రాలేదు. ఇంటికెళ్ళి, భోంచేసి పడుకున్నాడు. అప్పటినుంచి ఏదీ మనసుకు తగలడం మానేసింది. కూతురికి బడిలో బహుమతి వచ్చిందంటే "ఊఁ" అన్నాడు. మామగారు పోయారని కబురొస్తే దానికీ "ఊఁ" అన్నాడు.

ఆఫీసులో చెప్పొచ్చు కదా అంటే, చెప్తే మగపులిని పట్టుకుపోతారు. జంట లేని పులిని అడవిలో ఉంచరు. పట్టణంలో జూకి తరలిస్తారు. పై ఆఫీసు నుంచి ఆ మేరకు కాగితం కూడా వచ్చింది. బోనులో అటు నాలుగు అడుగులు, ఇటు నాలుగు అడుగులు, ఎదురుగా పల్లీలు విసిరే జనం. ముంగి ఆ మగపులిని ఒక్కసారైనా చూసి ఎరగడు. అయినా ఈ లోకంలో అతనికి ఇంకా పట్టేదంటూ ఉంటే అదొక్కటే.

"పులిని కాయడమంటే నిలబడి కాస్తారు గానీ, మోకాళ్ళ మీద పాకుతారటండీ?" అని భార్య రోజూ ప్యాంటు ఉతుకుతూ దెప్పేది. "ఆ మహాతల్లికి చేసే సేవలో పదోవంతు నాకు చెయ్యండి, చాలు."

"ఊఁ."

ఏటా వానలు తగ్గాక పులుల లెక్క. అడుగుల్లో ప్లాస్టర్ పోసి, గట్టిపడ్డాక అచ్చు తీసి, ఆఫీసు బల్ల మీద వరసగా పెట్టాలి. సన్నగా పొడుగ్గా ఉంటే ఆడది. చదరంగా ఉంటే మగది. రేంజరు స్కేలు పెట్టి కొలుస్తూ వేళాకోళం చేసేవాడు.

"ఏమయ్యా వియ్యంకులూ, ఏళ్ళు గడుస్తున్నా పిల్లాజెల్లా లేరేం? పెద్దన్నా, మీవాడికి నది దాటడం చేతకాదా?"

"వయసైపోయింది కదండీ," అనేవాడు పెద్దన్న నేల చూస్తూ.

బయటికొచ్చాక ముంగిని ఆపి అడిగేవాడు.

"నీ పిల్ల బాగుందా తమ్ముడూ?"

"బాగుంది అన్నా. వాడో?"

"వాడికేం, రాజాలా ఉన్నాడు."

అంతే మాటలు. కానీ రేంజరు అటు తిరిగినప్పుడు, ముంగి ఆ చదరపు అచ్చు మీద అరచెయ్యి ఆనించి ఉంచేవాడు. ఆ కాసేపూ ప్రాణం లేచొచ్చినట్టుండేది.

ఈ ఏడు పెద్దన్న రిటైరయ్యాడు. కొత్తవాళ్ళను వేసే ఉద్దేశం పైవాళ్ళకు లేదు. అవతలి గట్టు కూడా ముంగికే అంటగట్టారు. జీతం పెరగలేదు, నడక మాత్రం రెండింతలైంది. అయినా ఆ ఉత్తర్వు అందుకుంటుంటే ముంగికి సంతోషం వేసింది. మూడేళ్ళలో అదే మొదటిసారి.

ఇన్నాళ్ళకు వాణ్ణి కళ్ళారా చూడొచ్చు.

మర్నాడు పొద్దున్నే హద్దులు అప్పగించడానికి పెద్దన్న అతన్ని వంతెన దాటించి తీసుకెళ్ళాడు. గుట్టలు చూపించాడు. నీటి మడుగులు చూపించాడు. వేటగాళ్ళు ఉచ్చులు పన్నే దారులు చూపించాడు. ముంగి ఆత్రంగా ప్రతి పొదలోకీ తొంగిచూస్తూ నడిచాడు. జన్మలో అన్ని ప్రశ్నలు అడిగి ఉండడు.

"వాడెక్కడ పడుకుంటాడన్నా? ఏ వేళకి నీళ్ళకొస్తాడు? మనిషిని చూస్తే బెదురుతాడా?"

పెద్దన్న వినపడనట్టు ముందుకు నడిచాడు. ఆఖరి మడుగు దగ్గరికొచ్చాక బండ మీద కూలబడ్డాడు. తర్వాత ముంగి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నీ పిల్ల ఒంటరిదని తెలిస్తే బోనులో పెట్టేస్తారు తమ్ముడూ, ఐదేళ్ళుగా నేను వేస్తున్నట్టే ఇకమీదట ఈ మగపులి అడుగులు నువ్వే వెయ్యి."