నలభై డాలర్ల రీలు

హార్లన్ రేవు చెక్కల మీద నిలబడి, కొనేముందు పరీక్షించడానికి కొత్త రీలు బిగించిన గాలాన్ని ఇరవయ్యోసారి విసిరాడు. గోరంత ఎర టెనెసీ నది మధ్యకెళ్లి చప్పుడు లేకుండా పడింది. దారం ఒక్కసారి కూడా చిక్కుపడలేదు.

"నలభై డాలర్లదే అయినా, మూడొందల డాలర్ల రీలుకేమన్నా తీసిపోయిందా బాబాయ్?" అంది గాలాల కొట్టు నడిపే డార్లా.

"తీసిపోలేదమ్మాయ్. అయినా నాకొద్దులే."

"ఏం, లోపమేంటి?"

"చిక్కు పడట్లేదుగా." రీలు తిరిగిచ్చేశాడు. "మా ఆవిడ లొరెటా ఉన్నప్పుడు దారం చిక్కుపడితే పడవ ఆపేసేవాళ్లం. తన అల్లికల క్రోషే సూదితో విప్పుతూ గంటసేపు కబుర్లు చెప్పేది."

డార్లా దారం చిక్కుపడకుండా ఆపే రీలు బ్రేకును పూర్తిగా వదులు చేసి ఆయన చేతికిచ్చింది.

"ఇప్పుడు విసురు."

దారం పిచ్చుకగూడులా ముడుచుకుపోయింది.

ఆమె కొట్టు తలుపు మూసొచ్చి ఆయన పక్కన కూర్చుంది.

"ఇలా తే, విప్పుతాను. ఏం కబుర్లు చెప్పేది ఆవిడ?"